సుంకన్నకు అర్థమయ్యేటట్టు

"ఊరికే ఇచ్చేదాన్ని ఫైల్లో ఏమని రాసుకోవాలమ్మా నేను?" అన్నాడు రామాంజనేయులు, సీడీని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

ఆయన హిందూపురం పట్టునూలు సహకార సంఘానికి కార్యదర్శి. ఎదురుగా నిలబడిన ఇష్రత్ అదే సంఘంలో కంప్యూటర్ ఆపరేటర్.

"ఊరికే వచ్చిందనే రాయండి సార్."

"అట్ల రాస్తే ఆడిట్‌వాళ్ళు నా గొంతు మీద కూచుంటారు. బిల్లు లేని వస్తువు సంఘంలోకి ఎట్ల వచ్చె అంటారు. రేపు ఏమన్నా అయితే జవాబు చెప్పేదెవరు?"

"మన కంప్యూటర్లన్నిట్లో నడిచే లినక్స్ ఊరికే వచ్చిందే గదా సార్. దానికి బిల్లు యాడుండాది?"

"అది ఫారిన్‌వాళ్ళు చేసిందమ్మా. ఇది నువ్వు చేసింది."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. ఎగతాళిగానూ అనలేదు. పొద్దున్నే సూర్యుడొస్తాడన్నంత మామూలుగా అని, సీడీని ఆమె వైపు జరిపాడు. అంత మామూలుగా అన్నాడు కాబట్టే ఇష్రత్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. సీడీ తీసుకుని బయటికొచ్చింది. ఇది రెండువేల ఆరు, ఫిబ్రవరి నాటి మాట.

ఆ సీడీలో ఉన్నదాని పేరు 'ఆరా'. దాని వెనక రెండేళ్ళ కష్టం ఉంది.

సంఘానికి హిందూపురంలో ప్రధాన కార్యాలయం, పెనుకొండలోనూ ధర్మవరంలోనూ శాఖలు. మూడుచోట్లా కలిపి పదిహేడు కంప్యూటర్లు. నేతపనివాళ్ళు పాసుబుక్కు తెచ్చి కౌంటర్‌లో ఇస్తే, కంప్యూటర్‌లో చూసి, వాళ్ళకు ఎంత నూలు రావాలో అంత గోడౌన్ నుంచి ఇస్తారు. ఏ శాఖకు ఆ శాఖలో కంప్యూటర్లన్నీ తీగలతో ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఎలుక కొరికినా, ఊడ్చేటప్పుడు చీపురు తగిలి తీగ ఊడినా కౌంటర్ ఆగిపోతుంది. ఆగిపోతే ధర్మవరం శాఖలో గుమాస్తా సుంకన్న హిందూపురానికి ఫోన్ చేస్తాడు.

"ఇష్రతమ్మా, రెండో కౌంటర్ ఉలకదు, పలకదు. నువ్వు రావల్ల."

ఇష్రత్ రైలెక్కి పోయేది. తీరా చూస్తే ఒక తీగ కొన ఊడి ఉండేది. దాన్ని టక్కున లోపలికి నొక్కి, మళ్ళీ రైలెక్కి వచ్చేది. ఆమె వచ్చేదాకా నేతపనివాళ్ళు వరండాలో కూర్చునేవాళ్ళు. ఒకసారి అట్లా పొద్దున్నుంచి కూర్చున్న దాసమ్మ అనే ముసలామె, ఇష్రత్ తీగ నొక్కడం చూసి నోరు నొక్కుకుంది.

"ఇంతేనా పాపా? తీగ ఊడిందని ఆ పెట్టె చెప్పలేదా?"

"చెప్పిందవ్వా. ఇంగ్లీషులో చెప్పింది."

"మరి తెలుగులో చెప్పమను. సుంకన్నే నొక్కుతాండె గదా."

తిరుగు రైల్లో సోమందేపల్లి పొలాలు దాటుతున్నంతసేపూ ఇష్రత్‌కు అదే మాట చెవిలో మోగింది. ఆమె పాలిటెక్నిక్ చదివింది. తండ్రి ఇమాంది హిందూపురంలో పరుపులు కుట్టే అంగడి. దూదేకుల ఇల్లు, ఇంట్లో తెలుగే. తెలుగులో చెప్పే పెట్టె అనేది ఒకటి ఉండొచ్చునని, అదేమంత పెద్ద విద్య కాదని, చేసేవాళ్ళు లేక అది లేదని ఆమెకు ఆ రోజే తోచింది.

భోజనాల వేళల్లో, ఆదివారాల్లో కూర్చుని రాసింది. ప్రతి రెండు నిమిషాలకొకసారి ఒక్కో కంప్యూటర్‌ను "ఉండావా?" అని పలకరించడం, పలికితే ఆకుపచ్చ చుక్క, పలకకపోతే ఎర్రచుక్క, దాని పక్కన ఏంచేయాలో తెలుగులో నాలుగు మాటలు. అంతే దాని పని. పొద్దున్నే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి కలిసేటట్టు చూసే పని కూడా తర్వాత దానికే అప్పగించింది. పేరు 'ఆరా' అని పెట్టుకుంది.

రాయడం ఒక ఎత్తు, మూట కట్టడం ఇంకో ఎత్తు అయింది. తన కంప్యూటర్‌లో గుర్రంలా పరుగెత్తింది పెనుకొండలో కాలు కదపలేదు. తన దగ్గర ముందే ఉన్న ఇంకేవో నాలుగు ప్రోగ్రాములు అక్కడ లేవు. ఏది ఎక్కడ కూర్చోవాలి, దానికి ముందు ఏమేం ఉండి తీరాలి, వద్దనుకుంటే జాడ లేకుండా ఎట్లా తీసేయాలి, ఇవన్నీ వివరంగా రాసి ఒక్క ప్యాకేజీగా కడితే తప్ప ఆమె లేనిచోట అది నిలబడదు. కట్టింది. ధర్మవరం పంపింది. సుంకన్న ఫోన్.

"అమ్మా, నువ్వు తెలుగన్నావు. ఈడ అన్నీ డబ్బాలు డబ్బాలుగా కనపడతాండాయి."

అక్కడి కంప్యూటర్లలో తెలుగు అక్షరాలే లేవు. వాటినీ ప్యాకేజీలో కలిపింది. ఈసారి వచ్చిన తెలుగు చూసి సుంకన్న, "'సంధానం విఫలమైనది' అంటే ఏమమ్మా?" అని అడిగాడు. ఇష్రత్ సిగ్గుపడింది. ఇంగ్లీషు తీసేసి ఇంకో ఇంగ్లీషు పెట్టినట్టయిందే అనుకుంది. ప్యాకేజీని కంప్యూటర్‌లో ఎక్కించే స్క్రిప్టు తెరిచి, మరిచిపోకుండా ఉండడానికి మొట్టమొదటి వరసలో తన కోసమే ఒక మాట రాసుకుంది. అన్ని వాక్యాలూ మళ్ళీ మొదటినుంచి రాసింది. 'రెండో కౌంటర్ పలకడం లేదు. వెనక తీగ ఊడిందేమో చూడండి. తీగ బాగుంటే గోడకున్న పెట్టెమీద రెండో దీపం వెలుగుతోందా చూడండి.'

పది రోజుల తర్వాత సుంకన్న ఫోన్ చేశాడు. "నువ్వేం రావద్దు తల్లీ. ఊరికే చెప్దామని చేసినా. తీగ ఊడె, నేనే నొక్కితిని, పలికె!" అని నవ్వాడు. అంత సంతోషం ఇష్రత్‌కు డిప్లొమా వచ్చిన రోజు కూడా కలగలేదు.

'ఆరా'ను ఆమె ఇంటర్నెట్‌లో పెట్టింది. లినక్స్ తనకెట్లా దొరికిందో అదే షరతు మీద పెట్టింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కావాలంటే అమ్ముకోవచ్చు. అయితే చేసినవాళ్ళ పేరు చెరపకూడదు, మార్చి ఎవరికైనా ఇస్తే లోపల రాసిందంతా వాళ్ళకు కూడా తెరిచి ఇవ్వాలి. తనకు తెరిచి ఉన్న తలుపును తన వెనక వచ్చేవాళ్ళకు మూయకూడదు.

మూడుచోట్లా అది నడుస్తూనే ఉంది, అనుమతి కాగితం లేకుండా. దాన్ని పద్ధతిగా తీసుకోమని అడగడానికే ఆ ఫిబ్రవరిలో ఆమె రామాంజనేయులు గదిలోకి పోయింది. వట్టి చేతులతో తిరిగొచ్చింది.

మార్చిలో సంఘానికి ఆధునికీకరణ కింద నిధులొచ్చాయి. అందులో 'నెట్‌వర్క్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ కొనుగోలు' అని ఒక పద్దు ఉంది. కొనుగోలు అని ఉంది కాబట్టి కొనాలి. బెంగళూరు కంపెనీ ఒకటి కొటేషన్ ఇచ్చింది. వాళ్ళ తరఫున శ్రీకాంత్ అనే ఇంజినీరు మూడుచోట్లా చూడటానికొచ్చాడు. అనంతపురం వైపు కుర్రవాడు, మర్యాదస్తుడు. పెనుకొండలో 'ఆరా'ను చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇది మీరొక్కరే చేసినారా మేడమ్?"

"ఒక్కదాన్నే. సుంకన్న అన్న తప్పులు పట్టినాడు."

ఆమె గర్వంగా అన్నీ విప్పి చూపించింది. సీడీ ఇచ్చింది. షరతులు రాసిన కాగితం కూడా చేతికిచ్చి, "వాడుకోండి. ఇందులో ఉన్నట్టు మాత్రం చేయండి" అంది. "తప్పకుండా మేడమ్" అన్నాడతను.

జూన్‌లో నీలంరంగు పెట్టె ఒకటి వచ్చింది. పెట్టెమీద గాజు మేడల బొమ్మ, లోపల ఒక సీడీ, ఇంగ్లీషు పుస్తకం. రామాంజనేయులు దానికి పసుపు కుంకుమ పెట్టించి కొబ్బరికాయ కొట్టించాడు. 'ఆరా'ను మూడుచోట్లా తీసేయమని ఇష్రత్‌కే పురమాయించారు. తీసేసింది. కొత్తదాన్ని కంపెనీవాళ్ళు ఎక్కించి, దాన్ని సంఘం సిబ్బందిలో ఎవరూ తాకకూడదని కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు.

కొత్తదానికి కంపెనీ రంగులున్నాయి, కంపెనీ గుర్తుంది. మాటలన్నీ ఇంగ్లీషు. ఎర్రచుక్క పడితే కనిపించేది ఒకటే వాక్యం, 'కాంటాక్ట్ వెండర్', అమ్మినవాళ్ళను అడగమని. సుంకన్న బెంగళూరుకు ఫోన్ చేస్తే అక్కడ కన్నడంలో, ఇంగ్లీషులో ఏదో చెప్పి ఆగమనేవాళ్ళు. ఆయన ఆగేవాడు. నేతపనివాళ్ళు మళ్ళీ వరండాలో కూర్చోవడం మొదలుపెట్టారు. చుక్కలు, వాటి వరసలు, తెరమీద వాటి అమరిక చూస్తే ఇష్రత్‌కు ఎక్కడో చూసిన మొహంలా అనిపించేది. ఇలాంటివన్నీ ఒకేలా ఉంటాయిలే అని సర్దిచెప్పుకునేది. అనుమానానికైనా ఆధారం ఉండాలి కదా.

మరుసటేడు జూన్ నెల మొదటి సోమవారం పొద్దున సుంకన్న ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆరు కంప్యూటర్లూ ఒక్కసారే పడిపోయినాయి. ఏదో ఎర్రగా రాసుండాది. జనం నిండిపోయినారు. బెంగళూరోళ్ళు ఎత్తడంలేదు. సెక్రటరీ సారు సెల్లు ఆపేసుండాడు."

ఇష్రత్ దొరికిన బస్సు పట్టుకుని పోయింది. ధర్మవరం శాఖ వరండాలో, మెట్లమీద, గేటు బయట కూడా మనుషులే. పెళ్ళిళ్ళ బేరాలకు చీరలు ఒప్పుకుని, మగ్గం మీద పడుగు వేసి, పేక నూలు కోసం వచ్చినవాళ్ళు. కొందరు మొదటి బస్సుకే వచ్చి కూర్చున్నారు. దాసమ్మ గోడకానుకుని ఉంది.

"తీగ ఊడిందా పాపా?" అంది.

"చూస్తానవ్వా."

తీగలన్నీ బాగానే ఉన్నాయి. తెరమీద రాసింది ఇష్రత్ చదివింది. లైసెన్సు గడువు తీరిందట; అన్నిటికంటే ముందు ఎక్కించింది ధర్మవరంలోనే కాబట్టి ముందు ఇక్కడ తీరింది. ఏడాది కాగానే మళ్ళీ కట్టకపోతే, వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఆగిపోవడమే కాదు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి కలిసే దారిని కూడా మూసేసేటట్టు కట్టారు. ఆమె శ్రీకాంత్ సెల్లుకు చేసింది. నాలుగోసారికి ఎత్తాడు.

"రెన్యూవల్ చెక్కు రాలేదు మేడమ్. మీ ఆఫీసులో సంతకం కాలేదంట. వస్తే గంటలో కోడ్ ఇస్తాం."

"నూలు మాది, కంప్యూటర్లు మావి, తీగలు మావి. మీరు మా తలుపుకు గడియ పెట్టడమేంది సార్?"

"పాలసీ మేడమ్. నా చేతుల్లో లేదు."

ఆమె ఫోన్ పెట్టేసింది. తాకకూడదని పెట్టిన సంతకం గుర్తుంది. బయట ఎవరో చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆమె అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి పోయింది. ఆ గడియ ఎక్కడుందో చూద్దామని కంపెనీ ప్యాకేజీని ఎక్కించే స్క్రిప్టు తెరిచింది.

మొదటి వరసలో ఇట్లా ఉంది: 'సుంకన్న అన్నకు ఇంగ్లీషు రాదు. ఆయనకు అర్థమయ్యేటట్టు రాయాల.'

ఆమె రెండుసార్లు చదివింది. కిందికి చూసింది. ప్రతి వరసా తనదే, ప్యాకేజీలో తను కలిపిన తెలుగు అక్షరాలతో సహా. తను చేసిన పొరపాట్లు కూడా దిద్దకుండా అట్లే ఉన్నాయి. పైన తన పేరున్న చోట కంపెనీ పేరు. షరతులున్న చోట 'సర్వహక్కులూ మావే' అని ఇంగ్లీషులో నాలుగు వరసలు. కొత్తగా చేర్చింది ఒకటే, ఆ గడియ.

సొమ్మొకరిది సోకొకరిది అని వినడమే గాని, అది ఎట్లా ఉంటుందో ఇష్రత్‌కు అప్పుడే తెలిసింది. కోపం ముంచుకొచ్చింది. పేరు పోయిందని కాదు, పోనీ, అదీ ఉంది. కానీ ఏ సుంకన్న కోసం అన్ని వాక్యాలూ తిరగరాసిందో ఆ సుంకన్న నోరు మూయించారు. ఎవరు ఎదురుచూడకూడదని చేసిందో వాళ్ళనే మండుటెండలో కూర్చోబెట్టారు. అదీ తన చేతి పనితోనే.

"ఏమైందమ్మా?" అన్నాడు సుంకన్న భయంగా.

"నీ పేరుండాదన్నా ఈడ. చూడు."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని కూడబలుక్కుని చదివి, అర్థంకాక ఆమె మొహం చూశాడు.

ఆమె ఆ స్క్రిప్టును రెండు ప్రతులు ప్రింటు తీసింది. తర్వాత కంపెనీది తీసేసి, తన సంచిలోంచి సీడీ తీసి 'ఆరా' ఎక్కించింది. పావుగంట పట్టింది. ఆరు చుక్కలూ ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారాయి. సుంకన్న కిటికీ తెరిచి, "రాండప్పా, వరసగా రాండి" అని కేకేశాడు. ఆ రోజు నూలు లేకుండా ఎవరూ ఇంటికి పోలేదు.

బుధవారం ఇష్రత్‌కు మెమో వచ్చింది. లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్‌ను అనుమతి లేకుండా తొలగించి, ఊరూ పేరూ లేని సాఫ్ట్‌వేర్‌ను చొప్పించినందుకు సస్పెన్షన్. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ 'ఊరూ పేరూ లేని' అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. పేరు చెరిపేసి, పేరు లేదనడం! గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ప్రింటు తీసిన కాగితం పట్టుకుని రామాంజనేయులు దగ్గరికి పోయింది. ఆయన చూడలేదు. "చెక్కు ఆలస్యమైంది నిజమే. రెండు రోజులాగితే పోయేది. ఏదో పొరపాటైందని నాలుగు ముక్కలు రాసిస్తే నేనే సర్దుతా. నీ మంచికే చెప్తాండా" అన్నాడు.

ఇంట్లోనూ అదే మాట. ఇమాం పరుపు కుడుతూనే కూతురు చెప్పిందంతా విన్నాడు.

"రాసిచ్చేయి బిడ్డా. ఉద్యోగం నిలబడాల గదా. పేరుదేముండాది? నలభై ఏండ్లుగా పరుపులు కుడతాండా. ఏ పరుపు మీదన్నా ఇమాం అని పేరుండాదా?"

"లేదు నాయనా. కానీ నువ్వు కుట్టిన పరుపు ఎవడో తీసుకుపోయి, దానికి తాళం వేసి, ఏటేటా దుడ్లు కడితేనే పడుకోనిస్తా, లేకుంటే నేలమీద పడుకో అంటే? ఆ తాళం తీసినందుకు నిన్నే దొంగ అంటే? రాసిస్తావా?"

ఇమాం దబ్బనం ఆపాడు. తర్వాత, "వాని పరుపులో దూది పీకి పారేసొస్తా" అన్నాడు. తల్లి బుడన్‌బీ వంటింట్లోంచి, "తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఇద్దరే" అని గొణిగింది.

ఇష్రత్ పొరపాటైందని రాయలేదు. జరిగింది జరిగినట్టు మూడు పేజీలు రాసి ఇచ్చింది. కంపెనీకి కూడా ఒక ఉత్తరం రిజిస్టర్ పోస్టులో పంపింది. రెండింటికీ జవాబు రాలేదు.

జూలైలో సంఘం సర్వసభ్య సమావేశం పెనుకొండలో ఒక కల్యాణమండపంలో జరిగింది. నూలు తీసుకునే ప్రతి నేతపనివాడూ సంఘంలో సభ్యుడే. నాలుగైదు వందలమంది వచ్చారు. వేదిక మీద అధ్యక్షుడు ఉలిగప్ప, పక్కన రామాంజనేయులు, ఆ పక్కన ఆహ్వానం మీద వచ్చిన శ్రీకాంత్. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళు మాట్లాడకూడదు. ఇష్రత్ వెనక తలుపు దగ్గర నిలబడింది.

రామాంజనేయులు పద్దులు చదువుతూ సాఫ్ట్‌వేర్ లైసెన్సు పొడిగింపు దగ్గరికొచ్చి, "సభ్యులు ఆమోదించాలి" అన్నాడు. అలవాటు ప్రకారం చేతులు లేవబోతుంటే దాసమ్మ లేచి నిలబడింది.

"ఆ పాప యాడ?"

"ఏ పాప?"

"ధర్మవరంలో మాకు నూలిప్పించిన పాప. యాడ పంపిస్తిరి ఆమెను?"

"అది వేరే విషయం దాసమ్మా. టెక్నికల్ విషయం. నీకు అర్థం కాదు, కూచో."

"మగ్గం పని మీకు అర్థమవుతాదా అని మేమెప్పుడన్నా అడిగితిమా? అయినా మా మీద ఏలుబడి చేస్తాండారు గదా. అర్థం కాకుంటే అర్థమయ్యేటట్టు చెప్పండి. ఆ పొద్దు నేను ఎండలో కూచున్నా. పెట్టె ఆపింది ఎవరు? నడిపింది ఎవరు? నడిపినామెను ఎందుకు తీసేసినారు? ఇంతే నేనడిగేది."

"అవును, చెప్పండి" అన్నారు వెనకనుంచి పదిమంది. తర్వాత వందమంది. ఉలిగప్ప గొడవ చూసి, "ఆ అమ్మాయిని అయిదు నిమిషాలు మాట్లాడనిద్దాం" అన్నాడు. రామాంజనేయులు ఏదో చెవిలో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

ఇష్రత్ వేదిక దగ్గరికి పోయింది. మైకు తీసుకోలేదు. కాగితం శ్రీకాంత్ చేతికిచ్చింది.

"మీ సాఫ్ట్‌వేర్ లోపలిది. ధర్మవరం కంప్యూటర్‌లో ప్రింటు తీసినా. మొదటి వరస చదవండి సార్, అందరికీ వినపడేటట్టు."

అతను చూశాడు. కాగితం మడవబోయాడు.

"చదవండి. తెలుగే గదా."

"సుంకన్న అన్నకు... ఇంగ్లీషు రాదు. ఆయనకు అర్థమయ్యేటట్టు రాయాల."

మండపంలో నవ్వులు లేచాయి. ముందువరసలో ఒకాయన, "ఏమప్పా సుంకన్నా, బెంగళూరు కంపెనీలో ఎప్పుడు చేరితివి?" అని అరిచాడు. సుంకన్న భయం భయంగా లేచి, "నేను గుంతకల్లు దాటి పోలేదు సామీ" అన్నాడు. ఇంకా నవ్వారు. ఇష్రత్ మాత్రం నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా నిలబడింది.

"అది నేను రాసుకున్న మాట. ఆ కాగితంలో ఉన్నదంతా నేను రాసిందే. నేనే చేత్తో ఇచ్చినా ఈ సారుకు. అమ్ముకోవచ్చునని కూడా నేనే రాసిచ్చినా. దుడ్ల కోసం రాలేదు నేనీడికి. నా పేరు తీసేసినారు, ఆ కోపం నాది, నేను చూసుకుంటా. తెలుగు ఎందుకు తీసేసినారు సార్? సుంకన్న అన్న తనంతట తాను బాగుచేసుకుంటాంటే మీకేం నష్టమొచ్చె? తాళం ఎందుకేసినారు? సంఘం అడిగిందా మిమ్మల్ని తాళమేయమని?"

శ్రీకాంత్ మైకు ముందుకొచ్చాడు. అబద్ధం చెప్పలేదు, అది అతని మంచితనమో, దిక్కుతోచకపోవడమో. "నేను కాగితంతో సహా ఇచ్చినాను మేడమ్ పైవాళ్ళకు. మా డెవలపర్ల కంప్యూటర్లలో ఆ అక్షరాలు డబ్బాలుగా కనిపించినాయి. చెత్త అనుకుని తెరమీదివి మార్చేసినారు, లోపలివి చూడకుండా వదిలేసినారు."

"చెత్త," అంది ఇష్రత్. ఏడవకూడదని పళ్ళు బిగబట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

లైసెన్సు పొడిగింపుకు ఒక్క చెయ్యీ లేవలేదు.

అంతటితో అన్నీ చక్కబడి ఉంటే బాగుండేది. రెండు వారాల తర్వాత రామాంజనేయులు ఆమెను పిలిచి, సస్పెన్షన్ ఎత్తేస్తున్నామని చెప్పి, ఒక కాగితం ముందుకు జరిపాడు. 'నా వల్ల జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాను. ఇకమీదట పై అధికారుల అనుమతి లేకుండా ప్రవర్తించను.' కింద ఆమె పేరు, సంతకానికి చోటు.

"ఇది ఊరికే ఫైలు కోసమమ్మా."

"ఫైల్లో అబద్ధం ఎందుకు సార్? బిల్లు లేని వస్తువు వద్దంటిరి. జరగని పొరపాటు మాత్రం కావాల్నా?"

ఆమె కాగితాన్ని బోర్లా తిప్పి, వెనకవైపు రాసింది. 'జూన్ నాలుగో తేదీన ధర్మవరం శాఖలో సభ్యులకు నూలు అందేటట్టు చేశాను. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను.' సంతకం పెట్టి, తేదీ వేసి, ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. సర్వసభ్య సమావేశం చూసినవాడు కదా.

కంపెనీ నుంచి ఆగస్టులో రెండు వరసల జవాబు వచ్చింది. పొరపాటు జరిగిందని, సాఫ్ట్‌వేర్‌ను వెనక్కి తీసుకుంటున్నామని. క్షమించమన్న మాట లేదు. ఇంకెక్కడెక్కడ అమ్మారో చెప్పలేదు. ఇష్రత్ మళ్ళీ రాసింది. మళ్ళీ జవాబు లేదు. ప్రతి నెలా ఒక ఉత్తరం రాస్తూనే ఉంది.

'ఆరా' మూడుచోట్లా పద్ధతి ప్రకారం ఎక్కింది. ఆమె తన చేత్తో ఎక్కించలేదు. సుంకన్న చేత, పెనుకొండ గుమాస్తా చేత ఎక్కించింది. ఎక్కించడం, తీసేయడం, మళ్ళీ ఎక్కించడం వాళ్ళకు వచ్చేదాకా పక్కన కూర్చుంది.

ఆ డిసెంబరులో సంఘం వార్షిక నివేదిక అచ్చయి వచ్చింది. అయిదువందల ప్రతులు. ఇష్రత్ ఒకటి తీసి తిరగేసింది. పదకొండో పేజీలో రామాంజనేయులు ఫోటో, కింద ఇట్లా ఉంది: 'కార్యదర్శి గారి పర్యవేక్షణలో సంఘం స్వయంగా రూపొందించుకున్న తెలుగు సాఫ్ట్‌వేర్ ఆరా.'

ఆమె నివేదిక పట్టుకుని నేరుగా ఆయన గదిలోకి పోయింది.

"ఏముండాదమ్మా మళ్ళీ?"

"సంఘం యాడ రూపొందించె సార్? తీసుకోమంటే తీసుకోనంటిరి. నడిపితే సస్పెండ్ చేస్తిరి."

"నువ్వు సంఘం మనిషివే గదా. నీ పేరు వేసినా, సంఘం పేరు వేసినా ఒకటే. ఆ పేజీలో చోటు కూడా లేదు."

"మీ ఫోటోకు చోటుండాది గదా సార్."

"ఏం జేయమంటావు? అచ్చయిపాయె. అయిదువందల ప్రతులు."

"చీటీలు కొట్టిద్దాం. అంటిద్దాం."

"ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా?"

"చిన్నదైతే మొదటే రాసుంటిరి."

చీటీలు అచ్చయ్యాయి. 'ఆరా రూపకర్త: షేక్ ఇష్రత్, కంప్యూటర్ ఆపరేటర్. వాక్యాలు సరిదిద్దినవారు: సుంకన్న, ధర్మవరం శాఖ.' సుంకన్న పేరు ఉండాల్సిందేనని ఆమె పట్టుబట్టింది. ఆయన శనివారం హిందూపురం వచ్చాడు. ఇద్దరూ పెద్ద బల్లకు అటూ ఇటూ కూర్చుని, మైదాపిండి జిగురుతో ఒక్కో ప్రతికీ ఒక్కో చీటీ అంటించడం మొదలుపెట్టారు. పేజీలో నిజంగానే చోటు తక్కువ. ఎంత జాగ్రత్తగా పెట్టినా చీటీ పైఅంచు కార్యదర్శి గారి గడ్డం మీదికి వస్తోంది.

సుంకన్న చెయ్యి ఆపాడు. "అమ్మా, సారు మొహం కొంచెం కప్పుకుంటాండాది. పరవాలేదా?"

ఇష్రత్ ఆ పేజీ వైపు చూసింది. ఆమె కోపం ఇంకా తగ్గలేదు.

"అంటించన్నా," అంది. "ఇంకా మూడువందలుండాయి."